జంట బిళ్ళలు

సైనికులు మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ళలు సేకరిస్తానని చెబితే జనం నన్ను రెండు రకాలుగా చూస్తారు. చదువుకున్నవాళ్ళు డాక్టరుకు చూపించుకున్నావా అన్నట్టు చూస్తారు. తక్కినవాళ్ళు ఎక్కడ కొట్టేశావన్నట్టు చూస్తారు. మా ఆవిడ బాగా చదువుకుంది కాబట్టి రెండు రకాలుగానూ చూస్తుంది.

“దేవుడి మందిరం ఉన్న ఇంట్లో పోయినవాళ్ళ బిళ్ళలేమిటి?” అన్నది ఆమె వాదన. వాటిని వేసుకున్నవాళ్ళలో చాలామంది హాయిగా పింఛను తీసుకుని, మనవల్ని ఎత్తుకుని, బీపీతో పోయి ఉంటారని నేను వాదించాను. రాజీ కుదిరింది. గురుగ్రామ్‌లో మా ఫ్లాటు బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన, బట్టల సబ్బుల అరలో వాటికి చోటు దొరికింది. సైన్యంలో ఇంతకంటే ఇరుకు చోట్లే ఉంటాయని సర్దుకున్నాను.

బిళ్ళ అంటే చిన్న లోహపు ముక్క. దాని మీద మనిషి నంబరు, పేరు, మతం, రక్తం గ్రూపు కొట్టి ఉంటాయి. మనిషికి రెండు. వాడు పోతే ఒకటి వాడితోనే ఉంటుందని, రెండోది తీసి పైవాళ్ళకు పంపుతారని ఈ పిచ్చి ఉన్న మేమంతా చెప్పుకుంటాం. అందుకే ఒంటి బిళ్ళకు గిరాకీ ఎక్కువ. జంటగా దొరికితే ఆ మనిషి క్షేమంగా ఇంటికొచ్చి, అన్నం తిని, పొట్ట పెంచాడని లెక్క. అలాంటి వాడి కథ ఎవడిక్కావాలి? ఆ సంగతి తెలిసిన అమ్మకందార్లు జంటను విడదీసి అమ్మడం కూడా కద్దు. మా మార్కెట్‌లో మనిషిని చంపడానికి తుపాకీ అక్కర్లేదు, దారం కత్తిరించే కత్తెర చాలు.

నకిలీలు వేరే. నిన్న కొట్టిన బిళ్ళను ఉప్పునీళ్ళలో నానబెట్టి తాతల కాలం నాటిదని అంటగడతారు. అందువల్ల నేను కొన్న ప్రతి బిళ్ళనూ అనుమానిస్తాను, అమ్మినవాణ్ణి ఇంకా ఎక్కువ అనుమానిస్తాను, కొన్న నన్ను అన్నిటికంటే ఎక్కువ అనుమానిస్తాను. పరిశోధన అంటే ఇదేనని నా నమ్మకం.

పాత ఢిల్లీలో ఆదివారం పొద్దున పేవ్‌మెంటు మీద సంత జరుగుతుంది. అక్కడ పాత ఫౌజీ కోట్లు, బూట్లు, నీళ్ళ సీసాలు అమ్మే ఒకతని దగ్గర నల్లదారానికి గుచ్చిన జంట బిళ్ళలు దొరికాయి. పేరు చదివి ఆగిపోయాను. ముందున్న ఇంటిపేరు విజయనగరం దాటితే తప్ప వినపడని రకం.

“అస్లీయేనా?” అని అడిగాను, ఏదో అతను కాదంటాడన్నట్టు.

“సర్‌జీ, నకిలీ కొట్టేవాడు మద్రాసీ పేరు ఎందుకు కొడతాడు? ఎవడు కొంటాడు?”

పర్సు తీశాను. మద్రాసీ అన్నందుకు పౌరుషపడే వయసూ దాటిపోయింది. అతను కత్తెర తీసి, “విడదీయనా? ఒకటి చాలు కదా?” అని ఉపకారంగా అడిగాడు. వద్దన్నాను. జంట అంటే మనిషి బతికి వచ్చినవాడు. ఇక్కడే ఎక్కడో ఉండవచ్చు కూడా.

ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ ఉన్న వాట్సాప్ గ్రూపు ఒకటుంది. పండగలకు పులిహోర ఫొటోలు, మిగతా రోజుల్లో అద్దె ఇళ్ళు. అందులో ఆ ఇంటిపేరు పెట్టి, ఈ పేరుగల మాజీ సైనికుడు ఎవరికైనా తెలుసా అని అడిగాను. జాగ్రత్త, ఇది కొత్త రకం మోసం అని కొందరు నన్ను హెచ్చరించారు. జాగ్రత్త, ఇతను కొత్త రకం మోసగాడు అని కొందరు మిగతావాళ్ళను హెచ్చరించారు. చివరికి ఒకాయన విడిగా రాశాడు: “ఘాజియాబాద్‌లో మా సొసైటీలోనే ఉంటారు. బాగానే ఉన్నారు. పోయారా అని మాత్రం అడక్కండి, కోపం ఎక్కువ.”

ఫోన్ చేశాను.

“నమస్కారమండీ, నేను...”

“ఓటీపీ ఇవ్వను.”

పెట్టేశారు. మూడోసారికి, బిళ్ళల మీది నంబరు చదివి వినిపించే అవకాశం దొరికింది. తర్వాత, “ఆదివారం రా. ఒక్కడివే రా,” అన్నారు. కిడ్నాపర్లు మాత్రమే మాట్లాడే తీరు.

గురుగ్రామ్ నుంచి ఘాజియాబాద్‌కు మెట్రోలో వెళ్ళడమంటే కనీసం ఒక నిద్ర, రెండు తగాదాలు. దారంతా నేను ముఖాన్ని సాధన చేశాను. ఆయన కళ్ళు చెమర్చినప్పుడు, ‘అబ్బే, నాదేముందండీ’ అనడానికి తగిన ముఖం.

తలుపు తీసింది పనిచేసే దీదీ. చేతిలో తడిగుడ్డ. లోపల కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు అంకుల్. సుబేదారుగా రిటైరయ్యారట, వెన్నెముక మాత్రం ఇంకా రిటైరవలేదు.

“ఫోను బల్ల మీద పెట్టు. బోర్లా పెట్టు. ఆధార్ తెచ్చావా?”

“అతగాడు తెలుగోడేనండీ, కూర్చోనీయండి,” అన్నారు వంటింట్లోంచి ఆంటీ.

“తెలుగోడైతే? నిన్న ఫోన్ చేసి లాటరీ తగిలిందన్నోడూ తెలుగోడే.” నా వైపు తిరిగారు. “ఏ ఊరు మీది?”

“బాపట్ల వైపండీ.”

“అచ్ఛా,” అన్నారు, అనుమానం రుజువైనట్టు.

బిళ్ళలు ఆయన చేతిలో పెట్టాను. ఆయన పేరు చదవలేదు. బొటనవేలితో అంచు తడిమారు. ఒకవైపు అంచు మెత్తగా అరిగి ఉంది.

“ఇది అరగదీసింది నేనే. గుండె మీద గీరుకునీది. రాయికేసి రుద్దీసాను.”

నా ముఖం సిద్ధం చేసుకున్నాను. ఆయన కళ్ళు చెమర్చలేదు.

“ఇవి నా పెట్టెలో ఉండాల. నీకెవులిచ్చారు?”

సంతలో కొన్నానన్నాను. ఆర్మీ సామాను ఎందుకు కొంటున్నావు, కొని ఎవరికి అమ్ముతున్నావు, పాస్‌పోర్టు ఉందా, ఎక్కడెక్కడికి వెళ్ళావు అని వరసగా అడిగారు. హనీమూన్‌కు నేపాల్ వెళ్ళానని చెప్పడం ఆ రోజుకు నేను చేసిన పెద్ద పొరపాటు అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

మంచం కింద నుంచి నల్ల ఇనప్పెట్టె లాగించారు. తాళం చెక్కు చెదరలేదు. తాళంచెవి దేవుడి పటం వెనక ఉంటుంది, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. లోపల టోపీ ఉంది, బెల్టు ఉంది, మడతపెట్టిన ప్యాంటు ఉంది. యూనిఫాం చొక్కా లేదు. బిళ్ళలు దాని జేబులోనే పెట్టి బొత్తాం పెట్టానని ఆయన చెప్పారు. ఇంట్లో ఉండేది ఇద్దరే. కొడుకు పూణెలో. పొద్దున వచ్చి మధ్యాహ్నం వెళ్ళేది దీదీ ఒక్కర్తే. ఆయన చూపు నా మీద నుంచి లేచి, మెల్లగా తడిగుడ్డ వైపు వెళ్ళింది.

“ఇధర్ ఆవో.”

ఆవిడ వచ్చింది. విషయం విన్నది. “అంకల్, ఫౌజీ కమీజ్ తీసుకెళ్ళి నేనేం చేసుకుంటాను? బార్డర్‌కి వెళ్తానా?” అంది హిందీలో.

ఈలోపు ఆంటీ నా ముందు ఒక ప్లేటు, మంచినీళ్ళ గ్లాసు, జంతికల డబ్బా తెచ్చి పెట్టారు. “తినండి బాబూ,” అని ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయారు. కొట్టిన అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు నాది. ప్లేటు మీద వాళ్ళ పెళ్ళి తారీఖు, గ్లాసు మీద కొడుకు బారసాలకు ఎవరో మేనత్త కానుక. మన ఇళ్ళలో స్టీలు సామాను మీద పేరు కొట్టించందే అది సొంతమైనట్టు కాదు కదా. డబ్బా మీద మాత్రం ఏమీ లేదు. కూరలో ఉప్పు తగ్గితే గమనించినట్టు గమనించి, జంతిక తిన్నాను.

“రేపణ్ణించి రావద్దు,” అన్నారు అంకుల్ దీదీతో. “గేటు ఎంట్రీ కాన్సిల్ చేయిస్తాను. వచ్చే ఆదివారం సాయంత్రం కమిటీ ఉంది.”

గేటు ఎంట్రీ అంటే ఏమిటో సొసైటీల్లో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: పనివాళ్ళకు గేటు దగ్గర పేరు, ఫొటో ఉంటాయి. అది తీసేస్తే ఆ ఇంటికే కాదు, ఆ సొసైటీలో ఏ ఇంటికీ వెళ్ళలేరు. దీదీ పనిచేసే ఇళ్ళన్నీ అదే సొసైటీలో ఉన్నాయి. ఎంట్రీ పోతే అన్నీ ఒకేసారి పోతాయి, పైగా దొంగ అన్న పేరుతో.

“నువ్వు ఆ అమ్మినోడు చెప్పింది విని రా. నువ్వే సాక్షివి,” అన్నారు నాతో.

లిఫ్టులో నేనూ దీదీ ఉన్నాం. ఆవిడ కింద అంతస్తు వచ్చేదాకా నన్ను చూసి, చివర్లో అడిగింది. “భయ్యా, ఈ మంచిపని మీరు రోజూ చేస్తారా?”

ఆ వారమంతా ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని అందరినీ అనుమానించాను. దీదీని అనుమానించాను, ఎందుకంటే అందరికంటే తేలిక. అంకుల్‌ను అనుమానించాను, తనే ఎవరికో ఇచ్చి మరిచిపోయారేమో. పూణె కొడుకును కూడా వదల్లేదు, అతని మొహం కూడా చూడకుండానే. మా ఆవిడకు చెబితే, “ఆ చొక్కా మీరే తీశారని ఆయన ఇంకా అనలేదా? ఓపికగల మనిషే,” అంది.

ఆదివారం పొద్దునే సంతకు వెళ్ళాను. సామాను ఎక్కడిదని అడిగేసరికి అతని ముఖం మూసుకుపోయింది.

“పోలీసులా?”

“కాదు.”

“మరెక్కడ పని?”

“ఐటీ.”

అతను కోట్లు మూటకట్టడం మొదలుపెట్టాడు. ఆదాయపు పన్ను కాదు, కంప్యూటర్లు అని నచ్చజెప్పడానికి నా కార్డు చూపించాల్సి వచ్చింది. అప్పుడు చెప్పాడు. కాలనీల్లో తిరుగుతూ పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్ళుంటారు. వాళ్ళు తెచ్చిన మూటల్లో ఆకుపచ్చ బట్టలేవైనా ఉంటే ఇతను ఏరి కొంటాడు. చొక్కా ఎప్పుడో అమ్ముడైంది. బిళ్ళలు జేబులో దొరికాయి. జేబుకు బొత్తాం పెట్టే ఉంది.

యమున దాటుతుండగా, మెట్రోలో నా ఎదుట ఒకావిడ టిఫిన్ బాక్సు తెరిచింది. దాని మీద కూడా ఏమీ రాసి లేదు. జంతికల డబ్బా గుర్తొచ్చింది.

నేను వెళ్ళేసరికి అంకుల్ కింద సొసైటీ ఆఫీసులో ఉన్నారు. కమిటీకి ఇంకా టైముంది, కానీ ఆయన ఎక్కడికైనా ముందే వెళ్ళే మనిషి. ఆంటీ తలుపు తీశారు. మోకాలు పట్టుకుని, చేతిలో అదే తడిగుడ్డతో.

కుర్చీలో కూర్చున్నాను. జంతికలొచ్చాయి. డబ్బా చేతిలోకి తీసుకున్నాను.

“ఆంటీ, దీని మీద పేరు కొట్టించలేదే?”

“ఇక్కడ కొట్టీవోడు ఎక్కడున్నాడు బాబూ?”

“ఎక్కడ కొన్నారు?”

ఆవిడ తడిగుడ్డను బకెట్లో వేసి, మళ్ళీ తీసి, పిండారు.

“కొన్నది కాదు,” అన్నారు.

ఒక జంతిక నోట్లో వేసుకున్నాను. నా జీవితంలో అలా ఊరుకున్న సందర్భాలు తక్కువ, అందుకే పనిచేసిందేమో.

“రెండు చీరలు, ఒక కర్టెనూ ఇస్తే డబ్బా ఇచ్చింది ఆ గిన్నెలమ్మి. మూత ఇయ్యనేదు. మూత కావాలంటే ఇంకోటి వెయ్యమంది. మూత నేకుండా డబ్బా ఏటి సేసుకుంటాం? సెప్పు.”

“నిజమే.”

“పెట్టె తెరిస్తే చేతికి ఆ చొక్కాయే దొరికింది. జేబు చూడనేదు.” కుర్చీ అంచున కూర్చున్నారు. “పెళ్ళైన కాణ్ణించి ఆ పెట్టె మోస్తన్నాం బాబూ, ఊరూరూ. ప్రతీ వానాకాలం ఎండబెట్టీది నేను. కలరా ఉండలు వేసీది నేను. ఆయన ఏనాడైనా తెరిచారా? ఆ చొక్కా ఇప్పుడు ఆయన చెయ్యికి కూడా పట్టదు.”

“ఆంటీ, సాయంత్రం కమిటీ ఉంది. దీదీ...”

“తెలుసు.”

“ఆయన అరుస్తారనా?”

“అరిస్తే బాగుణ్ణు. ఆయన మాట్టాడ్డం మానీస్తారు. ఒకపాలి రేడియో కింద పడీసానని నెల్లూ నెల్లూ మాట్టాడనేదు. ఈ ఊళ్ళో నాకు మాట్టాడ్డానికి ఇంకెవులున్నారు? నాకు హిందీ అంతంతమాత్రం. దీదీ ఒకర్తే నా హిందీకి నవ్వకుండా వినీది.” మోకాలు రుద్దుకుంటూ అన్నారు, “ఈ వారం రోజులూ అదీ నేదు.”

నేను ఉపాయం చెప్పాను. ఆ బిళ్ళలు నకిలీవని తేలిందంటాను. చొక్కా సంగతి ఎటూ ఎవరికీ తెలియదు కదా.

ఆవిడ నన్ను జాలిగా చూశారు. “అంచు అరగదీసినోడితోటి ఆ మాట సెప్తావేటి?”

లేచారు. కొంగుతో ముఖం తుడుచుకున్నారు. డబ్బాలోంచి జంతికలన్నీ ప్లేటులోకి వంపి, డబ్బా చంకలో పెట్టుకుని తలుపు వైపు నడిచారు. మూత నా చేతిలో ఉండిపోయింది. అది పట్టుకుని నేను ఆవిడ వెనక లిఫ్టెక్కాను. ఇంత అధికారికమైన ఊరేగింపులో నేను ముందెన్నడూ లేను.

ఆఫీసు గదిలో అంకుల్, ఇద్దరు రిటైర్డ్ పెద్దలు, ఫైళ్ళు తెచ్చే సెక్రటరీ ఉన్నారు. ఆంటీ డబ్బాను బల్ల మీద, ఆయన ముందు పెట్టారు.

“ఇదిగోనండీ మీ చొక్కా.”

గదిలో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలుగు రాదు. ఆ సౌకర్యం లేకపోతే ఆవిడ చెప్పగలిగేవారో లేదో నాకు తెలియదు.

ఆయన డబ్బాను చూశారు. “ఈ డబ్బాకా?”

“డబ్బాకి కాదు. డబ్బాకి నా చీరలిచ్చాను.” నా వైపు చూపించారు. “మూతకి.”

ఆయన చెయ్యి చాచారు. మూత ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“మూతకా,” అన్నారు.

“క్యా హువా సుబేదార్ సాబ్?” ఏమైందని అడిగాడు సెక్రటరీ.

ఆయన మూతను డబ్బా మీద పెట్టి నొక్కారు. సరిగ్గా కూర్చుంది. “చోరీ నహీ హుయీ. కంప్లైంట్ వాపస్. గల్తీ మేరే ఘర్ కీ,” అని, దొంగతనం జరగలేదు, తప్పు మా ఇంటిదేనని తేల్చి, లేచి వెళ్ళిపోయారు. ఆంటీ వైపు చూడలేదు.

దీదీకి ఆంటీయే ఫోన్ చేశారు, నా ముందే, తనకొచ్చిన హిందీలో. స్పీకర్ ఆపడం ఆవిడకు చేతకాదు కాబట్టి నేనూ విన్నాను. అంతా విని దీదీ ఒక్కటే అడిగింది.

“ఆంటీ, ఆప్‌కో ఉస్ దిన్ పతా థా?” ఆ రోజే మీకు తెలుసా అని.

“థా,” తెలుసన్నారు ఆంటీ.

దీదీ, రేపు కాదు, ఎల్లుండి వస్తానంది.

కొన్ని వారాల తర్వాత అంకుల్ ఫోన్ చేశారు. నా దగ్గరున్న బిళ్ళలన్నీ తీసుకురమ్మని, వాటిలో ఏది దొంగదో చెబుతానని. ఇది క్షమాపణో, మరో విచారణో తెలియక తీసుకెళ్ళాను. ఆయన ఒక్కొక్కటే వెలుగుకు ఎత్తి చూస్తున్నారు. మధ్యలో నాతో, “ఆవిణ్ణి టీ పెట్టమను,” అన్నారు. ఆవిడ ఆరడుగుల దూరంలో వంటింటి గుమ్మంలోనే ఉన్నారు. నేను ఆవిడకు చెప్పాను. “చక్కెర ఎంతో కనుక్కో బాబూ,” అన్నారు ఆవిడ. ఆయన వేలు పైకెత్తి ఒకటి అని చూపించారు. ఎవరి ద్వారానైనా సరే, మాటలు మొదలయ్యాయి.

దీదీ పని ముగించి, చెప్పులేసుకునే ముందు అంకుల్ కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. భుజానికున్న సంచి తీసింది. జిప్పు లాగి, లోపలున్నవి ఒక్కొక్కటే బల్ల మీద, నా బిళ్ళల పక్కన పెట్టసాగింది. ఫోను. గొడుగు. ఖాళీ టిఫిను. దువ్వెన. తలనొప్పి మాత్రలు. చివరికి సంచి తిరగేసి దులిపింది.

“దేఖ్ లీజియే అంకల్.” చూసుకోండి అని.

“ఒద్దే తల్లీ,” అన్నారు ఆంటీ గుమ్మంలోంచి, తెలుగులో. నాతో, “రోజూ ఇంతే బాబూ. మానమంటే మానదు,” అన్నారు.

“ఎందుకు మానాలి?” అంది దీదీ, తెలుగు అర్థమైనట్టే. “రేపు ఇంకేదైనా పోతే? ఈ భయ్యా వెతికి తెస్తే?” నా వైపు తిరిగింది. “మీరు కూడా చూడండి. మీకు అలవాటే కదా.”

చూడకపోతే ఆవిణ్ణి లెక్కచేయనట్టు, చూస్తే అనుమానించినట్టు. నేను గుమ్మం దగ్గర విప్పిన నా చెప్పులను చూశాను.

అంకుల్ చేతిలో బిళ్ళ కింద పెట్టారు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డారు, మడమలు దగ్గరకు చేర్చి, చేతులు పక్కకు పెట్టుకుని. పై అధికారి ముందు నిలబడే తీరు అది. ఆవిడ తొందరపడలేదు. దువ్వెన మీద వెంట్రుక తీసి, గొడుగు మడతలు సరిచేసి, మాత్రలు, ఫోను, టిఫిను మళ్ళీ తీరిగ్గా సంచిలో సర్దుకుంది. జిప్పు వేసి, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. అప్పటిదాకా ఆయన నిలబడే ఉన్నారు.